చౌల్దారీకి వెళ్ళని శనివారం

"ప్రార్థన చెయ్యమన్నారు, చేశాను. నోరు మూసుకుని చెయ్యమని చెప్పారా?"

ప్రేమావతి ఆ మాట అడిగి మళ్ళీ కత్తిపీట మీదికి వంగింది. సుర్మయి చేప ముక్కలు కోస్తోంది. పొద్దుటి నుంచి ఆమె మొగుడితో ఆడిన మొదటి మాట అదే. మాట్లాడకుండా ఉన్నప్పుడే నయంగా ఉందని దేవప్రసాద్‌కి అనిపించింది.

"నీ తప్పని నేను అనలేదు కదా ప్రేమా."

"మీరు అననక్కర్లేదు. ఊరు ఊరంతా చౌల్దారీ డాక్టరమ్మ ఝాన్సీలక్ష్మి గారి తప్పంటోంది. మీరు వింటూ కూర్చున్నారు. అది చాలదూ?"

డాక్టర్ దేవప్రసాద్ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. బాంబూఫ్లాట్‌లో అతని మాటకి ఎదురు చెప్పేవాళ్ళు తక్కువ. జెట్టీకి దగ్గర్లో క్లినిక్, ఆదివారం చర్చిలో ముందు బల్ల. జ్వరం వచ్చినా మొగుడూ పెళ్ళాలు కొట్టుకున్నా జనం అతని దగ్గరికే వస్తారు. అంతటి పెద్దమనిషి సొంత వంటింట్లో అడుగు పెట్టే ధైర్యం లేక గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేను నీకు చెప్పాను. ఊరికి చెప్పలేదు," అన్నాడు.

"మీకు చెప్పింది ఎవరు?"

అతను కత్తిపీట వైపు చూస్తుండగా జవాబు కూడా ఆమే చెప్పింది.

"ఝాన్సీ గారు. ఎందుకు చెప్పారు? 'మీ ఊరి పిల్ల, మాత్రలు పడక కళ్ళు పచ్చబడితే నాకు కబురు చెయ్యండి' అని చెప్పారు. అందులో ఒక అర్థం ఉంది. మీరు నాకెందుకు చెప్పారో చెప్పండి, వింటాను."

దానికి అతని దగ్గర జవాబు లేకపోలేదు. కానీ అది బయట పెట్టుకునే జవాబు కాదు. ఆ రోజు క్లినిక్ నుంచి అలసిపోయి వచ్చాడు. అన్నం కలుపుకుంటూ, "మన పుష్పవతి కోసం కాస్త ప్రార్థించు. చౌల్దారీలో టీబీకి మందు వాడుతోంది, పాపం," అన్నాడు. అనగానే మనసు తేలికపడింది. రెండో ముద్ద రుచిగా కూడా ఉంది. తన మనసు తేలిక చేసుకోవడానికి ఎవరి బరువు దించి ఎవరి నెత్తిన పెట్టాడో అప్పుడు తట్టలేదు.

ఆ వారమే మేరి ఇంట్లో స్త్రీల కూటం జరిగింది. కూటంలో ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కళ్ళు మూసుకుని పైకి వినబడేలా ప్రార్థన చేస్తారు. పేరు పెట్టి చేస్తారు. పేరు పెట్టని ప్రార్థన చిరునామా లేని ఉత్తరం లాంటిదని పాస్టరు గారి భార్య నేర్పించింది. తన వంతు వచ్చినప్పుడు ప్రేమావతి, "చౌల్దారీలో మందు పుచ్చుకుంటున్న మా చెల్లి పుష్పవతిని నీ చేత్తో ముట్టు ప్రభువా," అంది.

జబ్బు పేరు ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం కూడా లేకపోయింది. శనివారాలు చౌల్దారీలో ఏ మందు ఇస్తారో ఈ దీవిలో తెలియనివాళ్ళు లేరు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి మేరి అప్పటికే కళ్ళు తెరిచి తనని చూస్తోంది. పుష్పవతి ఆ మేరికి కాబోయే కోడలు. కొడుకు యిర్మియాతో ప్రధానం అయిపోయి, చర్చిలో పెళ్ళి ప్రకటన ఒకసారి చదివారు కూడా. రెండో ప్రకటన మేరి ఆపించేసింది.

"పెళ్ళి కుదుర్చుకున్నవాళ్ళకి చెప్పే ఉంటారనుకున్నాను," అంది ప్రేమావతి, ముక్కలు కడుగుతూ. గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "ఆ పిల్లకి పాటలు నేర్పింది నేను. ప్రధానం చీర కట్టబెట్టింది నేను. ఇప్పుడు రోడ్డు మీద కనిపిస్తే అవతలి పక్కకి వెళ్ళిపోతోంది."

"నాకు మాత్రం బాధ లేదా?"

"ఉంటే మధ్యాహ్నం ఫెర్రీలో మీతో పనిచేసే డాక్టర్లిద్దరూ వస్తున్నారు కదా. చెప్పండి."

"చెబుతాను."

"చెప్పకపోతే రేపు ఆరాధనలో నేనే లేచి చెబుతాను."

"నువ్వు చెబితే నలుగురూ నిన్నే అంటారు."

"అంటారు. మీ పరువు మిగులుతుంది. మీకు కావలసింది అదే కదండీ?"

ఆ 'అండీ' అన్న మాటలో ఇరవై ఏళ్ళ సంసారంలో ఎప్పుడూ లేనంత దూరం ఉంది. దేవప్రసాద్ గుమ్మం వదిలి ముందు గదిలోకి వెళ్ళి కుర్చీలు సర్దసాగాడు. అవి సర్దే ఉన్నాయి.

*

వర్షంలోనే వచ్చారు ఇద్దరూ. చెన్నకేశవులు గారు గొడుగు విదిలించి మూలన పెట్టి, "ఈ ఏడు వాన వదిలేలా లేదయ్యా ప్రసాద్," అంటూ పెద్ద కుర్చీలో కూర్చున్నారు. వండూర్‌లో ఆయన డాక్టరు. ముగ్గురిలోనూ పెద్దాయన. ఝాన్సీలక్ష్మి కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడి తడిసిన కొంగు పిండుకుంటోంది.

"ఇవాళ శనివారం," అంది. "పొద్దుటి నుంచి బెంచీ ఖాళీ. పుష్పవతి రాదని అనుకుంటూనే ఉన్నాను. మీ ఊరి నుంచి మిగతావాళ్ళు కూడా ఒక్కరు రాలేదు, ప్రసాద్ గారూ."

ఈ పని మొదలుపెట్టినప్పుడు ముగ్గురికీ ఎంత ఉత్సాహం. టీబీకి ఇంట్లోనే ఉండి మందు వాడేవాళ్ళు దగ్గు తగ్గగానే మాత్రలు ఎందుకు మానేస్తారు? పెద్ద ఆసుపత్రులు ఆ సంగతి పట్టించుకోవు. ఇంటింటి సంగతీ తెలిసిన ఊరి డాక్టర్లే దాన్ని తేల్చాలనుకున్నారు. సొంత ఊళ్ళో మందు తీసుకోవాలంటే జనానికి సిగ్గు. అందుకని ఒక ఊరి మనిషిని ఇంకో ఊరి డాక్టరు చూడాలని ఏర్పాటు చేసుకున్నారు. పుష్పవతి కుట్టుపని నేర్చుకునే వంకతో ఫెర్రీ ఎక్కి, బస్సెక్కి చౌల్దారీ వెళ్ళేది అందుకే. వచ్చిన ప్రతి మనిషికీ మొదటి రోజే ఒక మాట ఇవ్వాలి: నీ సంగతి మా ముగ్గురి మధ్యే ఉంటుంది. ఆ మాట ఇవ్వాలని పట్టుబట్టింది మరెవరో కాదు, దేవప్రసాదే.

అందుకే ఊరు సులువుగా తేల్చేసింది. పుష్పవతి దేవప్రసాద్ దగ్గరికి వైద్యానికి వెళ్ళనే లేదు. ఇంక ప్రేమావతికి తెలిసిందంటే చౌల్దారీ డాక్టరమ్మ వైపు నుంచే తెలిసి ఉండాలి. అతని మీద అనుమానం ఎవరికీ రాలేదు. అనుమానం వస్తే బాగుండునని అతనికి రెండు మూడు సార్లు అనిపించింది.

"చూడమ్మా," అన్నారు చెన్నకేశవులు గారు. "మదరాసులో డాక్టర్ల సభకి మన పరిశోధన పంపాలి. ఇంత కష్టపడి ఇప్పుడు నీళ్ళపాలు చెయ్యలేం. కొన్నాళ్ళు నువ్వు పక్కకి తప్పుకుంటే మంచిది. నీ దగ్గరికి వచ్చేవాళ్ళని మేమిద్దరం చూసుకుంటాం."

"తప్పుకుంటాను సార్. నా చోటు నుంచే మాట బయటికి పోయింది కాబట్టి తప్పుకోవాల్సిందే." ఝాన్సీలక్ష్మి అప్పుడు కూర్చుంది. "అప్పలకొండమ్మని పనిలోంచి తీసేశాను."

"ఎవరిని?" అన్నాడు దేవప్రసాద్. ఎవరో అతనికి బాగా తెలుసు.

"మా ఆయా. శనివారం వచ్చేవాళ్ళ మొహాలు చూసేది నేనూ ఆవిడే. నేను బయట ఎవరితోనూ అనలేదు. ఇంకెవరు అని ఉంటారు? 'నాను సెప్నేదమ్మా, నా పిల్లల మీద ఒట్టు' అని కాళ్ళు పట్టుకుంది. నమ్మలేదు. వెళ్ళిపోయే ముందు నా బల్ల తుడిచి వెళ్ళింది. అది చూసినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు. చెప్పిన మనిషైతే అలా బల్ల తుడిచి వెళుతుందా?"

వానకి రేకుల మీద చప్పుడు పెరిగి తగ్గింది.

"పేరు చెప్పింది మీ ఒక్కరికే ప్రసాద్ గారూ. కళ్ళు పచ్చబడతాయేమో చూస్తారని చెప్పాను. అది తప్పంటారా?"

ఇదే సమయం. గది నిండా ఆ సమయమే ఉంది. ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ అడగరు.

"తప్పు కాదు," అన్నాడు దేవప్రసాద్.

నిజమే చెప్పాడు. అంతవరకే చెప్పాడు.

ప్రేమావతి టీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చి ఆగింది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో. ఝాన్సీలక్ష్మి లేచి ఆమెకి ఎదురు వెళ్ళింది.

"ప్రేమా గారూ, నన్ను క్షమించండి, అడక్క తప్పడం లేదు. మీకు చెప్పింది మా అప్పలకొండమ్మేనా? అవునంటే అవునని చెప్పండి. కాదంటే ఇప్పుడే వెళ్ళి ఆవిడని తెచ్చుకుంటాను."

ప్రేమావతి మొగుడి వైపు చూసింది. "మా వారిని అడగండి," అంది.

చెన్నకేశవులు గారు కూడా తలెత్తారు. ముగ్గురూ తనవైపే చూస్తున్నారు. దేవప్రసాద్ నోరు తెరిచాడు. లోపల సిద్ధంగా ఉన్న మాట ఒకటి, బయటికి వచ్చిన మాట ఇంకొకటి.

"ప్రార్థన కూటంలో మాటలు దేవుని సన్నిధిలో మాటలమ్మా. ఎవరి ద్వారా వచ్చాయని ఆరా తియ్యడం మా సంఘంలో పద్ధతి కాదు."

రోగి రహస్యం దాచలేని మనిషి ప్రార్థన రహస్యం కాపాడబోయాడు. ఆ మాట ఎంత గంభీరంగా వచ్చిందంటే అతని గొంతు అతనికే ఏవగింపు పుట్టించింది. అంత పద్ధతే సంఘంలో ఉంటే ఊరికి ఇంత దూరం పాకేదా?

ఝాన్సీలక్ష్మి వెంటనే వెనక్కి తగ్గింది. "పొరపాటు అయింది. మీ పద్ధతులు నాకు తెలియవు," అంది. ఆమె ఇంకో మాట అడిగి ఉన్నా బాగుండేది.

ప్రేమావతి పళ్ళెం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మొగుడి కప్పు ఒక్కటి మాత్రం నింపలేదు.

"రేపు పొద్దున ఫెర్రీకి మళ్ళీ వస్తాను," అంది ఝాన్సీలక్ష్మి, వెళ్ళడానికి లేచి. "ఆ పిల్లని ఒక్కసారి కలవాలి. నా మీద కోపంతో మాత్రలు మానేస్తే ఎలా? నన్ను తిట్టమనండి, కొట్టమనండి. మాత్ర మాత్రం వేసుకోవాలి."

*

వాళ్ళని ఎక్కించడానికి జెట్టీ దాకా వెళ్ళాడు. దారిలో చెబుదామనుకున్నాడు. చెన్నకేశవులు గారు రోడ్డు గుంటల గురించి మాట్లాడుతున్నారు. టిక్కెట్ల దగ్గర చెబుదామనుకున్నాడు. జనం ఉన్నారు. ఫెర్రీ కదిలాక చేయి ఊపాడు. చేయి ఊపడం అతనికి బాగా వచ్చు.

"డాక్టర్ గారూ, వందనాలు."

వెనక్కి తిరిగితే పుష్పవతి. టిక్కెట్ల కిటికీ చూరు కింద తలమీద కొంగు కప్పుకుని నిలబడి ఉంది. వాళ్ళు ఎక్కేవరకూ చాటుగా ఉన్నట్టుంది. చర్చి బళ్ళో చిన్నపిల్లలకి చదువు చెప్పే అమ్మాయి, పిల్లలతో మాట్లాడి మాట్లాడి ఆమె మాట కూడా చిన్నపిల్లలాగే ఉంటుంది.

"చౌల్దారీ మేడమ్ వెళ్ళిపోయిందా? ఆవిడ మొహం చూడాలని లేదు నాకు."

"పుష్పా, మాత్రలు వేసుకుంటున్నావా?"

"లేదు. మానేశాను." దాపరికం ఏమీ లేకుండా చెప్పింది. "మంచినీళ్ళ గ్లాసు పట్టుకుంటే చాలు, పక్కింటివాళ్ళు కిటికీ దగ్గరికి వస్తున్నారు. మా అమ్మ తలుపులేసి ఏడుస్తోంది. దగ్గు కూడా లేదు డాక్టర్ గారూ, దేఖియే, చూడండి, ఇంత సేపూ ఆగకుండా మాట్లాడుతున్నాను కదా."

"దగ్గు తగ్గితే జబ్బు తగ్గినట్టు కాదు తల్లీ. ఇప్పుడు మానేస్తే మళ్ళీ వచ్చినప్పుడు ఈ మాత్రలకి లొంగకపోవచ్చు."

"తెలుసు. మేడమ్ వందసార్లు చెప్పింది. అంత బాగా చెప్పింది, ఊరంతా కూడా చెప్పింది."

దేవప్రసాద్ గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"మీ దగ్గరికి ఒక పని మీద వచ్చాను," అంది పుష్పవతి. "మేరి అత్త ఒక మాట అంది. యిర్మియా అన్నం మానేసి కూర్చున్నాడంట, అందుకని అంది. 'దేవప్రసాద్ డాక్టర్ గారు సంఘంలో లేచి ఈ పిల్లకి ఏ జబ్బూ లేదని సాక్ష్యం చెప్తే నాకు బస్, అంతే చాలు. రెండో ప్రకటన సదివించుకుంటాను. ఆయన అబద్ధం ఆడడు' అంది."

"అబద్ధం ఆడనని నమ్మకం ఉన్న మనిషినా నువ్వు అబద్ధం ఆడమంటున్నావు?"

"ఇంకెవరు ఆడితే పని అవుద్ది?" అని అడిగింది, చాలా మామూలుగా.

ఆమె ఇంకా దగ్గరికి వచ్చింది. "మీరు లేచి చెప్తే రేపే మళ్ళీ మాత్రలు మొదలెడతాను. ఒట్టు. పెళ్ళయ్యాక కూడా ఎవరికీ తెలీకుండా వేసుకుంటాను. యిర్మియా సరంగు కదా, రోజంతా బోటు మీదే ఉంటాడు. ఈ ఊళ్ళో నాకు మీ మీద తప్ప ఎవరి మీదా నమ్మకం లేదు డాక్టర్ గారూ. ప్రేమా దీదీ మీద కూడా లేదు."

ఒక్క అబద్ధం. పిల్ల మాత్రలు వేసుకుంటుంది, పెళ్ళి అవుతుంది, అతని పేరు మచ్చ లేకుండా మిగులుతుంది. ఒక్క ఝాన్సీలక్ష్మి మాత్రం రోగి గుట్టు విప్పిన మనిషే కాకుండా లేని జబ్బు అంటగట్టిన మనిషి కూడా అవుతుంది. అప్పలకొండమ్మ సంగతి సరేసరి. పైగా ఆ అబద్ధం నమ్మి కొడుకు పెళ్ళి చేసే తల్లి అతన్ని నమ్మే చేస్తుంది.

నేనే చెప్పానమ్మా అని అప్పుడే అనవలసింది. ఆమె ఎదురుగా ఉంది, చూరు కింద ఇంకెవరూ లేరు. కానీ "మీ మీద తప్ప" అన్న మాట ఇంకా చెవిలో ఉంది. ఆ నమ్మకం పోగొట్టుకోవడానికి ఇంకో రోజు గడువు కావాలనిపించింది.

"రేపు లేచి మాట్లాడతాను," అన్నాడు.

పుష్పవతి మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. అతను ఏం మాట్లాడతాడని ఆమె అడగలేదు. ఏం మాట్లాడమంటావని అతను కూడా అడగలేదు.

*

ఆదివారం చర్చి నిండిపోయింది. సాక్ష్యం సంగతి మేరి నలుగురికీ చెప్పినట్టుంది, ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. ఆడవాళ్ళ వైపు చాపల మీద ముందు వరసలో పుష్పవతి, ఆమె తల్లి బుల్లమ్మ. రెండు మూడు చాపల అవతల మేరి. మగవాళ్ళ వైపు బల్ల చివర యిర్మియా, ఇస్త్రీ చొక్కాలో. ప్రేమావతి స్తంభం పక్కన కూర్చుని మొగుడిని చూస్తోంది. పొద్దున అతను "నేనే చెబుతాను, నువ్వు లేవకు" అంటే ఆమె తల ఊపింది తప్ప నమ్మినట్టు లేదు.

రెండో పాట అవుతుండగా గుమ్మంలో ఝాన్సీలక్ష్మి కనబడింది. పుష్పవతి ఇంటికి వెళితే తాళం వేసి ఉందేమో, ఇక్కడికి వచ్చింది. చెప్పులు బయట విడిచి వెనక బల్ల చివర ఒదిగి కూర్చుంది. ఆడవాళ్ళలో గుసగుస లేచింది.

"సాక్ష్యాలు ఉన్నవారు చెప్పవచ్చు," అన్నారు పాస్టరు గారు, దేవప్రసాద్ వైపే చూస్తూ.

అతను లేచాడు. పుష్పవతి చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాసి ఫలితాల కోసం వచ్చిన పిల్లలా తలెత్తి చూస్తోంది. అతను ఆ చూపు తప్పించుకుని వెనక బల్ల వైపు చూశాడు. అక్కడున్న మనిషి అతన్ని చూడటం లేదు. తన చేతులు చూసుకుంటోంది.

"సంఘానికి వందనాలు. మేం ముగ్గురం డాక్టర్లం మా దగ్గరికి వచ్చేవాళ్ళకి ఒక మాట ఇచ్చాం. మీ సంగతి మా మధ్యనే ఉంటుందని. ఆ మాట తప్పారని మీరందరూ చౌల్దారీ డాక్టరమ్మని అంటున్నారు. ఆవిడ తప్పలేదు. ఆవిడ దగ్గర పనిచేసే అప్పలకొండమ్మ తప్పలేదు. పుష్పవతి సంగతి నా భార్యకి చెప్పింది నేను. నా భార్య తెలియక ప్రార్థనలో చెప్పింది. తెలిసి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నది నేను. దేవుడు నన్ను క్షమించాలి. మీరు కూడా."

చివరికి వచ్చేసరికి మనసు తేలికపడింది. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఈ తేలిక ఇంతకు ముందు ఎక్కడో ఎరుగుదును కదా అనిపించింది. ఎక్కడో గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ రోజు అన్నం తింటున్నప్పుడు.

అప్పుడు తలెత్తి చూశాడు. చర్చిలో ఒక్కరూ అతని వైపు చూడటం లేదు. మగవాళ్ళూ, ఆడవాళ్ళూ, ఒళ్ళో పిల్లలతో సహా అందరూ పుష్పవతి వైపు తిరిగారు. అంతవరకూ అది ఒకరి నోట విన్న మాట. ఇప్పుడు డాక్టరు గారు స్వయంగా లేచి చెప్పిన మాట.

పుష్పవతి పక్కన కూర్చున్న ఆమె చాప మీద కొంచెం అవతలికి జరిగింది. కావాలని జరగలేదు, జరిగిపోయింది. యిర్మియా సగం లేచాడు. అవతలి నుంచి మేరి, "కూకో," అంది. కూర్చున్నాడు.

పుష్పవతి లేచింది. తల్లి కొంగు పట్టుకుంటే విడిపించుకుంది. దేవప్రసాద్ దగ్గర ఒక్క క్షణం ఆగి, "మీరు మాట్లాడతానన్నారు," అంది. అంతకు మించి ఏమీ అనకుండా వానలోకి వెళ్ళిపోయింది. ప్రేమావతి చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె వెనక పరిగెత్తింది.

పాస్టరు గారు కంగారుగా పాట ఎత్తుకున్నారు. సగం మంది పాడారు.

దేవప్రసాద్ పక్క నుంచి నడుచుకుంటూ వెనక బల్ల దగ్గరికి వచ్చాడు. ఝాన్సీలక్ష్మి అప్పటికే వరండాలోకి వెళ్ళి నిలబడింది. ఆమె క్షమిస్తుందని అతను అనుకోలేదు. కానీ ఒక బరువు దిగినట్టు ఆమె మొహంలో కనిపిస్తుందని ఆశపడ్డాడు.

"ఆ పిల్లని అడిగారా?" అంది.

"ఏమని?"

"ఇలా చెబుతాను అని."

అతను తల అడ్డంగా ఊపాడు.

"నిన్న మీ ఇంట్లో ఎవరున్నాం ప్రసాద్ గారూ? నాకు చెప్పి ఉంటే చాలు. నేను అప్పలకొండమ్మని తెచ్చుకునేదాన్ని, ఆ పిల్ల కాళ్ళు పట్టుకునైనా మాత్ర మింగించేదాన్ని. నా పేరు ఏమైతే ఏం? నా పేరు కడగమని మిమ్మల్ని అడిగానా?" ఆమె గొంతు పెంచలేదు. లోపల పాట సాగుతోంది కాబట్టి కాస్త దగ్గరగా వచ్చి చెప్పింది. "ఆ రోజు మీ ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పారు. ఇవాళ మీరు కళ్ళు తెరిచి చెప్పారు. అంతే తేడా."

"నేను... తప్పు ఒప్పుకోవాలని..."

"ఒప్పుకున్నారు. మీకు బాగానే ఉంటుంది. మందు ఎందుకు మానేస్తారో తెలుసుకోవాలని కదా మనం ముగ్గురం బయల్దేరాం. ఇంక మదరాసుకి ఏం రాసి పంపాలో చెన్నకేశవులు గారిని అడక్కర్లేదు."

ప్రేమావతి వీధి మలుపులో కనిపించింది. పరిగెత్తడం లేదు. వానలో తడుస్తూ మెల్లగా నడుచుకుంటూ వస్తోంది, ఒక్కతే. వరండా మెట్ల దగ్గరికి వచ్చి మొగుడి ముందు గుప్పిట తెరిచింది. తడిసిపోయిన కాగితం పొట్లం. అందులో మాత్రలు కరిగి తెల్లగా కారుతున్నాయి.

"ఇవి మీకు ఇచ్చెయ్యమంది," అంది. "సాక్ష్యం అవగానే మీ ముందే వేసుకుందామని కొంగున కట్టి తెచ్చుకుందట."

ఝాన్సీలక్ష్మి మెట్లు దిగబోయింది. "ఎటు వెళ్ళింది?"

"జెట్టీకి. ఇవి నా చేతిలో పెట్టి ఎక్కేసింది, ఫెర్రీ కదిలిపోయింది," అంది ప్రేమావతి. ఆ మాట ఝాన్సీలక్ష్మికి చెప్పింది. గుప్పిట మాత్రం దేవప్రసాద్ ముందే చాచి ఉంచింది, అతను తీసుకునేదాకా.